బీగం పడిన భజన మందిరం

మొన్న మాఘమాసంలో ఒక ఉదయం అభిషేకం ముగించి తీర్థప్రసాదాలు ఇస్తున్నాను. జమ్మలమడుగు వైపు నుంచి నలుగురు గ్రామపెద్దలు ప్రొద్దుటూరులో నేనున్న ఆలయానికి వచ్చారు. భక్తుల వరుస తీరేదాకా మండపంలో ఒక పక్కన కూర్చుని, తర్వాత దగ్గరకు వచ్చి తమ సందేహం విన్నవించారు. వారి ఊరిలో రామభజన మందిరం ఉంది. తొమ్మిదేళ్లుగా మూతబడి ఉంది. బడిపిల్లలు సాయంకాలం కూర్చుని చదువుకోవడానికి, వృద్ధులకు నెలకొకమారు వైద్యశిబిరం నడపడానికి ఆ కట్టడాన్ని వినియోగించాలని కొందరి సంకల్పం. దేవుని ఇంటిని అలా వాడితే ఊరికి అరిష్టమని మరికొందరి భయం. వారిలో పెద్దాయన చివరకు ఇలా అడిగాడు: "సామీ, బీగం తీస్తే పాపమా, తీయకుంటే పాపమా? ఆ ఒక్కమాట చెప్పండి."

ఆ ఒక్కమాట చెప్పడానికి నేను వెంటనే నోరు తెరవలేకపోయాను. ఇదే ప్రశ్నకు ఒకప్పుడు నేను తప్పు జవాబు చెప్పి ఉన్నాను.

ఇరవై ఏళ్ల క్రితం సంగతి. పులివెందుల ప్రాంతంలోని ఒక చిన్న పల్లెవారు ఇటువంటి మందిరం గురించే నన్ను అడిగారు. అప్పటి నా వయసు, నా శాస్త్రపాండిత్యం నాకిచ్చిన ధైర్యంతో, దేవతాస్థానాన్ని లౌకికకార్యాలకు వాడరాదని ఒక్క వాక్యంలో తేల్చి పంపించాను. ఆ మందిరంలో ఉన్నది ప్రతిష్ఠితమూర్తియా, పటమా అని కూడా విచారించలేదు. నా మాటను వారు గౌరవించారు. తలుపు మూసి ఉంచారు. మట్టి మిద్దె మీద ఏటేటా చవుడు పోసేవారు లేక వాన లోపలికి దిగింది. గోడసందులో రావిమొక్క మొలిచింది. రావిని పెరకడం పాపమని ఎవరూ దానిని తాకలేదు. నాలుగైదు వర్షాకాలాలకు మిద్దె కూలింది. లోపలి సీతారామ పట్టాభిషేక పటం మట్టిలో కలిసిపోయిందని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. శాస్త్రం పేరు చెప్పి ఆ ఇంటిని పడగొట్టినవాడిని నేనే.

కాబట్టి ఈసారి వచ్చినవారిని కూర్చోబెట్టి మొదట ప్రశ్నలు అడిగాను. మీ మందిరానికి ధ్వజస్తంభం ఉన్నదా? బలిపీఠం ఉన్నదా? పైన విమానం మీద కలశం ఉన్నదా? కట్టిన రోజున యంత్రస్థాపన జరిగిందని పెద్దలెవరైనా చెప్పారా? అన్నింటికీ లేదనే వారి సమాధానం. ఒక పెద్ద హాలు, తూర్పుగోడకు అరుగు, దాని మీద పట్టాభిషేక పటం, ఆంజనేయస్వామి పటం, ఒక హార్మోనియం, రెండు జతల తాళాలు, చెక్కభజనకు వాడే చెక్కలు. అంతే.

పాఠకులు ఇక్కడ ఒక భేదాన్ని గ్రహించాలి. మనం వాడుకలో గుడి అని పిలిచేవన్నీ ఆగమదృష్టిలో ఒకటి కావు. ఆలయంలో మూర్తిని జలాధివాసం, ధాన్యాధివాసం, శయ్యాధివాసం చేయించి, నేత్రోన్మీలనం జరిపి, ప్రాణప్రతిష్ఠతో స్థిరంగా నిలుపుతారు. ఆ క్షణం నుంచి అక్కడ స్వామి గృహస్థుని వంటివాడు. ఆయనకు నిత్యం దీపం, నైవేద్యం జరగాలి. జరగకపోతే లోపం, లోపానికి ప్రాయశ్చిత్తం, సంప్రోక్షణ. భజన మందిరంలో స్వామి అతిథివలె వస్తాడు. సాయంత్రం దీపం వెలిగించి పిలుస్తాం, కీర్తించి హారతి ఇచ్చి సాగనంపుతాం. వినాయకచవితినాడు మీ ఇంట మట్టి ప్రతిమకు ప్రాణప్రతిష్ఠ చేసి, పూజాంతంలో ఉద్వాసన చెప్పి, నీటిలో కలుపుతున్నారు కదా. ఆ పీట మీద మరునాడు పిల్లవాడు కూర్చుని పలక దిద్దితే దోషమని ఏ తల్లి అయినా అంటుందా? ఆ పల్లె మందిరానికీ ఇదే న్యాయం.

ప్రతిష్ఠ జరిగిన ఆలయం సంగతి వేరు. అక్కడ కూడా శాస్త్రం కదలరాదని శిలాశాసనం వేయలేదు, కదిలించే విధిని చెప్పింది. జీర్ణోద్ధారణ చేయవలసి వచ్చినప్పుడు బింబంలోని కళను కుంభంలోకి ఆకర్షించి, బాలాలయంలో ఉంచి ఆరాధిస్తారు. 2018 ఆగస్టులో తిరుమలలో జరిగిన అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. యాదాద్రిలో 2016 నుంచి 2022 మార్చి వరకు నరసింహస్వామి సేవలు బాలాలయంలోనే సాగాయి. శ్రీశైలం జలాశయం కింద మునిగిపోవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. మన జిల్లాలోనే 2020లో గండికోట జలాశయం నింపినప్పుడు తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు నీటిపాలయ్యాయి. ఊరు కదిలినప్పుడు ఊరి దేవుడూ కదలవలసి వచ్చింది. అంటే స్వామిని ఒకచోటి నుంచి మరొకచోటికి చేర్చడం అపచారం కాదు. విధి తప్పి చేర్చడం, లేదా చీకటిలో వదిలేయడం అపచారం.

గండికోట పేరు వచ్చింది కనుక ఒక మాట. కోటలోని మాధవరాయస్వామి ఆలయాన్ని మీరు చూసే ఉంటారు. ఎత్తైన గోపురం, విశాలమైన ప్రాకారం, చక్కని మండపాలు. గర్భాలయంలో మూర్తి లేదు. 1652లో ఆ కోటకు వచ్చిన ఫ్రెంచి రత్నవ్యాపారి టావెర్నియే, మీర్ జుమ్లా ఆలయాల్లోని రాగి విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోయించడానికి ప్రయత్నించిన వైనం రాసిపెట్టాడు. కోటలోని దేవాలయ విగ్రహాలు కొన్ని ఎంత చేసినా కరగలేదని కూడా రాశాడు. అటువంటి చోట మూర్తి లేదు కదా అని గర్భాలయాన్ని గదిగా వాడుకోరాదు. యాత్రికులు కొందరు అక్కడ చెప్పులతో నడవడం, గోడలపై పేర్లు చెక్కడం చూసినప్పుడు మనసు చివుక్కుమంటుంది. కాబట్టి సూత్రం ఇది: ప్రతిష్ఠ జరిగిన గర్భాలయం, అంతరాళం జోలికి వెళ్లకండి. ఆ వెలుపలి మండపం మాత్రం మొదటి నుంచీ జనానిదే.

ఇది నేను నేటి కాలానికి అనుకూలంగా కల్పించి చెప్పే మాట కాదు. గుంటూరు జిల్లా మల్కాపురంలో దొరికిన శాసనం చూడండి. శక సంవత్సరం 1183, అంటే 1261. కాకతి రుద్రమదేవి గోళకీమఠాధిపతి విశ్వేశ్వర శివాచార్యులకు ఇచ్చిన గ్రామాల రాబడిని ఆయన ఎలా పంచారో ఆ రాతిలో ఉంది. శివాలయం ఉంది, మఠం ఉంది. వాటితోపాటు విద్యార్థుల భోజనానికి వంతు, ఆరోగ్యశాలకు వంతు, ప్రసూతిశాలకు వంతు ఉన్నాయి. వేదాలు చెప్పే ఉపాధ్యాయులతోపాటు వైద్యుడు, లెక్కలు రాసే కాయస్థుడు కూడా ఆ వ్యవస్థలో జీతగాళ్లు. సత్రంలో అన్నం బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు అందరికీ పెట్టాలని నియమం. దాదాపు ఏడున్నర శతాబ్దాల క్రితం ఒక శైవాచార్యునికి దేవుని పక్కన బాలింత ఉండడం అశౌచంగా తోచలేదు. మనకు పలకాబలపం పట్టుకున్న పిల్లవాడు అరిష్టంగా తోస్తున్నాడు!

మందిరాలు ఎందుకు మూతబడుతున్నాయో కూడా దాచకుండా చెప్పుకోవాలి. భజనగురువు కాలం చేస్తే శిష్యులు లేరు. కుర్రవాళ్లు బెంగుళూరుకో, హైదరాబాదుకో, కువైట్‌కో వెళ్లిపోయారు. సాయంత్రం ఏడు గంటలకు తాళాల మోత వినిపించవలసిన వేళ టీవీ మోగుతోంది. ఇవి అందరూ చెప్పే కారణాలే. చెప్పని కారణాలు రెండున్నాయి. ఒకటి, మన సీమ పల్లెల్లో ఊరు రెండు వర్గాలైతే రామాలయమూ రెండవడం. ఒక వర్గంవారి మందిరంలో రెండవవారు అడుగు పెట్టరు. కొన్నాళ్లకు రెండింటిలోనూ దీపం ఉండదు. రెండవది ఇంకా బాధాకరం. కొన్నిచోట్ల దళితవాడలోని వారు భజనకు వస్తామన్న రోజే తలుపుకు బీగం పడింది. మన జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలోనే, 1947లో ఆలయప్రవేశ చట్టం వచ్చింది. చట్టం వచ్చి ఇన్ని దశాబ్దాలైనా తాళంచెవి మన చేతిలోనే ఉంది.

అందుచేత ఆ నలుగురినీ నేను అడిగిన చివరి ప్రశ్న: "పిల్లలకు ఇస్తామంటున్నారు. ఏ పిల్లలకు?" వారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొంతసేపటికి పెద్దాయన, "ఊరి పిల్లలందరికీ సామీ" అన్నాడు. "ఈ మాట ఊళ్లో నలుగురి ముందర చెప్పగలవా నాయనా?" అంటే, తల గోక్కుంటూ "చెప్పాలనే కదా మీ దగ్గరికి వచ్చింది" అన్నాడు. నా నోటితో చెప్పిస్తే ఊరు వింటుందని ఆయన లెక్క. వారు దోషశంకతో వచ్చారనుకున్నాను. నిజానికి ధైర్యం కోసం వచ్చారు. నేను చెప్పాను, వారి ఊరికి వెళ్లి మళ్లీ చెప్పాను. అక్షరం నేర్వడానికి వచ్చిన బిడ్డను గడపవద్ద ఆపే చోట పటం ఉన్నా, పూజ ఉన్నా, రాముడు ఉన్నాడని నేను అనలేను. శబరి ఎంగిలిని కాదనని స్వామి ఆయన.

ఇంకొక విషయం మీ దృష్టికి తేవాలి. మన ప్రాంతంలో మూతబడే అవకాశమున్నవి భజన మందిరాలు మాత్రమే కావు. జమ్మలమడుగు చుట్టుపక్కల పందొమ్మిదో శతాబ్దంలో లండన్ మిషన్‌వారు పనిచేశారు. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి వారు పెట్టినదే. పల్లెల్లో వారు కట్టిన చిన్న ప్రార్థన గదులు చాలాచోట్ల వారంలో ఆరు రోజులు బడిగా నడిచేవి. 1947 తర్వాత ఆ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో చేరాయి. అటువంటి ప్రార్థన గది ఏ పల్లెలోనైనా వాడుక తప్పి ఉంటే దాని సంగతి తేల్చవలసినవారు ఆ సంఘంవారే. ఖాళీగా ఉంది కదా అని మనం ఒక పటం తీసుకువెళ్లి పెట్టడం ధర్మం కాదు. ఊరికోసం అడగవచ్చు. ఇస్తే చేతులు జోడించి తీసుకోవచ్చు.

మనమే అలా తీసుకున్న సందర్భాలు ఉన్నాయి. న్యూయార్కు నగరంలో ఫ్లషింగ్ అనేచోట గణపతి ఆలయాన్ని మన పిల్లలు, మనుమలు దర్శించి ఫోటోలు పంపుతుంటారు. 1970లో అక్కడి హిందువులు సంస్థగా ఏర్పడి, ఒక రష్యన్ ఆర్థడాక్స్ చర్చి ఉన్న స్థలాన్ని కొన్నారు. ఆలయ నిర్మాణానికి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ శాఖ, తిరుమల తిరుపతి దేవస్థానం తోడ్పడ్డాయి. 1977 జూలై 4న కుంభాభిషేకం జరిగింది. అదే 1970లో లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో ఒక వాడుక తప్పిన చర్చి స్వామినారాయణ మందిరం అయింది. ఆ స్థలాలను మనవారికి అమ్మిన క్రైస్తవులు ఏ మనసుతో అమ్మారో గాని, ఫ్లషింగ్‌లో నేడు మన బిడ్డలకు అక్షరాభ్యాసాలు జరుగుతున్నాయి. పరదేశంలో మనకు దొరికిన ఈ సౌమనస్యాన్ని స్వగ్రామంలో మరచిపోరాదు.

ఇంగ్లండులో మరొక పద్ధతి నాకు నచ్చింది. అక్కడ జనం రాక మిగిలిపోయిన చర్చిలు వందలాదిగా ఉన్నాయి. వాటి విషయంలో 1968లో వారు ఒక నిబంధనావళి చేసుకున్నారు. ముందుగా ఆ కట్టడం ఇక ఆరాధనకు వాడబోమని విధిగా ప్రకటిస్తారు. ఆ తర్వాతే గ్రంథాలయంగానో, సభామందిరంగానో మార్చడం. ఏ పనులకు వాడరాదో అమ్మకపు పత్రంలోనే రాసుకోవడమూ ఉంది. మన ఉద్వాసన వంటిదే ఇది. స్వామికి చెప్పి చేయడం, చెప్పకుండా చేయడం ఒకటి కావు.

కనుక మీ ఊరిలో ఇటువంటి మందిరం ఉంటే మొదట మంచిరోజు చూసి తలుపు తీయండి. శుద్ధి చేసి, పటానికి షోడశోపచార పూజ జరిపి, ఏ సంకల్పంతో ఈ స్థలాన్ని వాడబోతున్నారో సంకల్పంలోనే చెప్పించండి. పటాన్ని బయటకు పంపనక్కర్లేదు. తూర్పుగోడకు గూడు కట్టి, అద్దం బిగించి, అక్కడే ఉంచండి. సంధ్యాదీపం ఆ రోజుకు చదువుకోవడానికి వచ్చిన పిల్లల్లో ఒకరు వెలిగిస్తారు. చెదపట్టి శిథిలమైన పటాలుంటే పూజించి పెన్నలోనో పాపాగ్నిలోనో నీరున్న కాలంలో నిమజ్జనం చేయండి. చెట్టు మొదట్లో పడవేసి రావద్దు. ప్రతిష్ఠితమూర్తి ఉన్నచోట ఇవేవీ మీరు స్వయంగా చేయకండి. ఆ ఆలయం ఏ ఆగమానికి చెందిందో తెలిసిన అర్చకుణ్ణి పిలవండి. నిత్యదీపానికి ఆధారం లేకపోతే ధూపదీప నైవేద్య పథకం ఉన్నది, వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉండగా మొదలైన ఆ పథకంతో మూతబడవలసిన చిన్న గుళ్లు ఎన్నో నిలబడ్డాయి. దేవాదాయ శాఖ లెక్కలో ఉన్న ఆలయమైతే 1987 చట్టం ప్రకారం వారి అనుమతి లేకుండా భూమి అన్యాక్రాంతం చేయడానికి వీల్లేదు. స్థలం ఇచ్చిన దాత వారసులు ఎక్కడున్నా ఒక మాట అడగండి. అంగీకారాన్ని కాగితం మీద రాయించి, ఊరివారి సంతకాలు పెట్టించండి. నోటిమాట మీద జరిగిన దానధర్మాలు మూడోతరంలో కోర్టుకెక్కడం నేను చాలా చూశాను.

పైకప్పు సంగతి మర్చిపోకండి. మన నాపబండల మిద్దెలు సందులు పూడ్చినంతకాలం తరాలపాటు నిలుస్తాయి, పట్టించుకోకపోతే ఒక్క తుఫానుకు చాలు. గోడలో రావిమొక్కను చూసి భయపడకండి. నమస్కరించి, వేళ్లతో సహా తీసి, చెరువుగట్టున నాటండి. రావిచెట్టుకు గోడ చోటు కాదు.

వాడుకకు ఇచ్చాక కూడా కనిపెట్టి ఉండాలి. పిల్లల చదువుకని తెరిచిన మందిరం ఆరునెలలకు ఎరువుల బస్తాల గోడౌను అయిన ఊరు ఒకటి నాకు తెలుసు. మరొక ఊళ్లో మధ్యాహ్నం పేకాట, ఎన్నికల వేళ పార్టీ జెండాల నిల్వ. పేకాట ఆడేవారిని మందలిస్తే, "దేవుడు లేడు కదా అయ్యవారూ, పటం తీసేశాం" అన్నారు. పటం అక్కడే ఉంచమనడానికి అదీ ఒక కారణం.

ఆ జమ్మలమడుగు వైపు ఊరికి నేను వెళ్లిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను. అందరూ ఒప్పుకున్నారు గాని తాళంచెవి ఇవ్వవలసిన అవ్వ ఒప్పుకోలేదు. ఆమె భర్త నలభై ఏళ్లు అక్కడ భజనగురువు. ఆయన పోయిన తర్వాత తాళంచెవి ఆమె కొంగుకు ఉండిపోయింది. నన్ను చూసి లేచి నమస్కరించి, "చదువులు రానీ సామీ, వద్దనను. ఆయన పాటలు యాడికి పోతాయి?" అని అడిగింది. దానికి ఆగమంలో సమాధానం లేదు. ఊరివారే ఆలోచించి చెప్పారు: శనివారం సాయంత్రం చదువు ఉండదు, భజనే. పిల్లలు కూడా కూర్చోవాలి, అవ్వ పాటలు చెప్పాలి. ఆమె కాసేపు ఊరుకుని, "నా గొంతు పోయిందే" అంది. తర్వాత కొంగుముడి విప్పింది.

తొమ్మిదేళ్లు ఎలుకల పాలైన హార్మోనియం ఇప్పుడు ప్రొద్దుటూరులో మరమ్మతులో ఉంది. తిత్తి మార్చారు, రెండు మెట్లు ఇంకా పలకడం లేదట. వచ్చే శనివారానికి ఇస్తానన్నాడు బాగుచేసే ఆయన.